జులై అడిగితే ఆగస్టు వచ్చింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ చదువుల పేజీలో పైథాన్ ప్రోగ్రామింగ్ పాఠాలు తెలుగులో వేస్తున్నందుకు చాలా సంతోషం. అయితే పోయిన వారం పాఠంలో "టేబుల్‌లో 3వ వరుస తీసుకోవాలంటే" అని రాశారు, లెక్క సున్నా నుంచా ఒకటి నుంచా చెప్పలేదు, అడ్డు వరుసా నిలువు వరుసా అన్నదీ చెప్పలేదు. దయచేసి ఇది చిన్న విషయం అనుకోకండి.

నేనుండేది బెంగళూరు మారతహళ్లిలో. మా మేనల్లుడు ఇక్కడే ఎంటెక్ చేస్తున్నాడు. ప్రాజెక్టు వాన లెక్కల మీద: 12 అడ్డు వరుసలు 12 నెలలు, నిలువు వరుసలేమో వాన కొలిచే కేంద్రాలు. వాళ్ల గైడ్ ఇచ్చిన పాత ప్రోగ్రాం మాట్‌ల్యాబ్ అనే భాషలో ఉంది, అందులో లెక్క ఒకటి నుంచి, జులై అంటే 7. వీడు దాన్ని పైథాన్‌లోకి, అందులో అంకెల పట్టికలకు వాడే నమ్‌పైలోకి మారుస్తూ బ్రాకెట్లు మార్చాడు గానీ అంకెలు అలాగే ఉంచేశాడు. నమ్‌పైలో లెక్క సున్నా నుంచి కాబట్టి 7 అంటే ఆగస్టు అయిపోయింది. ఎర్రర్ రాలేదు. ఆగస్టులో ఇక్కడ వానలు బాగానే పడతాయి కదా, అంకెలు చూసినా అనుమానం రాలేదు. డిసెంబరు కోసం 12 అని అడిగినప్పుడు గానీ ప్రోగ్రాం ఆగలేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు, "మావయ్యా, సైజు 12 అంటోంది, 12 అడిగితే హద్దు దాటావంటోంది" అని. అప్పటికే రెండు వారాలుగా గీసిన గ్రాఫులన్నీ ఒక నెల జరిగిపోయి ఉన్నాయి, జనవరి అసలు లెక్కలోకే రాలేదు. పాపం, ఎంత టెన్షన్ పడ్డాడో.

వాడికి మనిళ్లలో అనుకునే మాటతోనే చెప్పాను. పిల్లాడికి ఏడో ఏడు నడుస్తోందంటే ఆరేళ్లు నిండినట్టు. పైథాన్‌లో, సీ భాషలో ఇండెక్స్ (గడి నంబరు) అంటే నిండిన లెక్క, ఆ గడికి ముందు ఎన్ని గళ్లు అయిపోయాయో అది. 1957 నాటి ఫోర్ట్రాన్‌లో, మాట్‌ల్యాబ్‌లో, ఆర్, జూలియా భాషల్లో నడుస్తున్న లెక్క, అంటే ఒకటి నుంచి. 2 నుంచి 5 అని అడిగితే మాట్‌ల్యాబ్ నాలుగు గళ్లు ఇస్తుంది, పైథాన్ 5ని వదిలేసి మూడే ఇస్తుంది. మైనస్ 1 అంటే పైథాన్‌లో చివరిది, ఆర్‌లో మాత్రం మొదటిది తీసేసి మిగతావన్నీ. వీటిలో ఏదీ ఎర్రర్ ఇవ్వదు, అదే నా భయం.

అడ్డు వరుస ముందు, నిలువు వరుస తర్వాత అన్నది మాత్రం ఇంటర్ మాత్రికల పాఠంలో చదివినదే, ఈ భాషలన్నిటిలోనూ అదే పద్ధతి. కానీ మన పిల్లలు చాలామంది ఎక్సెల్ నుంచి వస్తారు, అక్కడ బీ7 అంటే నిలువు వరుసే ముందు, కాబట్టి అది కూడా ఒక ముక్క రాయండి.

వచ్చే వారం పాఠం మొదట్లోనే సవరణ వేయండి: పైథాన్‌లో మూడో అడ్డు వరుస కావాలంటే 2 అని రాయాలి.

— ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు