వాన పడగానే 2019ని మరిచిపోతే ఎలా?

సంపాదకులు గారికి,

2019 వేసవిలో చెన్నైలో మా వీధి ఆడవాళ్లం అర్ధరాత్రి దాకా ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టి కూర్చున్నాం. ఊరికి నీళ్లిచ్చే పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ ఎండిపోయాయి. జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆంధ్రాలోని కండలేరు జలాశయం నుంచి కాలువలో వచ్చే తెలుగుగంగ కృష్ణా నీళ్ల మీద మాకెంతో ఆశ. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు రావాలి. కానీ ఆ నీళ్లు బయల్దేరే శ్రీశైలంలోనే నీళ్లు లేని ఏడాది ఏం వస్తాయి? అందుకే ఊళ్లోని చెరువులను, పళ్లికరణై చిత్తడి నేలను ముందు కాపాడాలి.

ఇప్పుడు మా కుళాయి నీళ్లు ఒక్కోరోజు మురుగు వాసన వస్తున్నాయి. కాచి ఇచ్చినా పిల్లల గురించి టెన్షనే. పాత పైపులు ఎప్పుడు మారుస్తారో, నీటి పరీక్షల్లో ఏం తేలిందో అధికారులు వేసవికి ముందే వార్డులవారీగా చెప్పాలి.

- ఒక గృహిణి, చెన్నై