సోమశిల నీళ్ళలో ఈ ఏడాది: మన గాలం సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో మనం పెట్టుకున్న పెద్ద పని ఒక్కటే. తొలకరి నుంచి రెండు నెలలు ఎవరూ కొర్రమీనుకు గాలం వేయకూడదని. చాలామందికి ఇది మనసుకు ఎక్కలేదని నాకు తెలుసు. కొత్త నీళ్ళకు చేప ఎదురెక్కే రోజులవి, ఏడాదంతా ఎదురుచూసేది వాటి కోసమే. అయినా దాదాపు అందరూ మాట మీద నిలబడ్డారు. తప్పిన ఇద్దరు ముగ్గురు తామే వచ్చి చెప్పుకున్నారు, అందుకే ఇక్కడ పేర్లు రాయడం లేదు.

ఈ కట్టుబాటు ఎందుకో కొత్త సభ్యుల కోసం మళ్ళీ చెప్తాను. 2016లో మన తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమీను వానాకాలంలోనే గుడ్లు పెడుతుంది. నడి నీళ్ళలో కాదు, అంచుల్లో, తుంగ, జమ్ము పెరిగిన చోట. ఈ శ్రావణంలో గాలం లేకుండానే ఒకరోజు పొద్దున్నే మన సోమశిల దగ్గరి శ్రీశైలం బ్యాక్‌వాటర్ ఒడ్డుకు పోయాను. నీటి మీద పిడికెడు ఎర్రమట్టి చల్లినట్టు ఒక మరక మెల్లగా కదులుతోంది. మోకాళ్ళ లోతుకు దిగి చూస్తే అవన్నీ కొర్రమీను పిల్లలు. గాలి కోసం పైకొచ్చి మూతులు తెరుస్తుంటే, మబ్బు లేకుండానే సన్న చినుకు పడుతున్నట్టు నీళ్ళు తుళ్ళుతున్నాయి. వాటి కింద జానెడు లోతున నల్లటి నీడ, కదలకుండా.

ఆ ఎర్రటి గుంపు మీద రబ్బరు కప్ప ఎర పడేస్తే పెద్ద చేప కొడుతుందని మనందరికీ తెలుసు. మనలో చాలామంది మొదటి కొర్రమీనును పట్టింది అలాగే, నేను కూడా. అది ఆకలికి కొట్టే దెబ్బ కాదు, పిల్లలకు అడ్డం పడి కొట్టేది. కాపలా చేపను తీసేస్తే ఆ పిల్లలు నీరుకాకులకు, జెల్లలకు ఆహారం. అందుకే రెండు నెలలు గడిచాక కూడా, పిల్లల గుంపు కనబడిన చోట గాలం వేయొద్దని కార్యవర్గం అదనంగా తీర్మానించింది. మన తూర్పు తీరంలో సముద్రం మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపుతున్నారు. దాని మీదే బతికేవాళ్ళు అన్ని రోజులు ఆగుతున్నప్పుడు, సరదాకు ఒడ్డున కూర్చునే మనం ఆగలేమా అని నేను అడిగినందుకు కొందరికి కోపం వచ్చింది. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఇక అలివి వలల సంగతి. ఈ ఏడాది మన టెన్షన్ అంతా దీని గురించే.

సోమశిల నుంచి అమరగిరి వైపు ఒడ్డు వెంబడి నడిచినవాళ్ళు చూసే ఉంటారు. దోమతెరంత సన్నని కన్ను ఉన్న ఈ వలను పడవలతో చుట్టి లాగుతారు. అందులో పడినదేదీ తప్పించుకోలేదు. పరక, రొయ్య, బొమ్మిడాయి, అప్పుడే పొదిగిన పిల్ల, అంతా ఒకటే కుప్ప. నిషేధం ఉన్నా ఆగడం లేదు. ఒక మధ్యాహ్నం ఒడ్డున ఎండబోసిన చేపల్లోంచి గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూశాను. సగానికి సగం బొచ్చె పిల్లలే, ఆ పెద్ద తలకాయను బట్టి తెలిసిపోతుంది. ఒక్కటీ నా చూపుడు వేలంత లేదు. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలు వదులుతోంది. పెద్ద జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు కావాలన్నది ఆ పథకంలోని లెక్క. అవి పెరిగి కిలోల్లో తూగాల్సినవి. నాలుగు నెలలైనా కాకముందే ఇలా గోనెసంచుల్లోకి పోతే, ఎన్ని వదిలి ఏం లాభం? ఆ వల లాగేవాళ్ళు కూడా కూలికి వచ్చినవాళ్ళే, వాళ్ళ మీద నాకు కోపం లేదు. పెట్టుబడి పెట్టినవాళ్ళు ఒడ్డుకు రారు.

అర్జీలు ఇచ్చాం. ఒకచోట తీసుకుని రసీదు ఇవ్వలేదు, ఇంకోచోట మా పరిధి కాదన్నారు. ఈసారి నుంచి ప్రతి అర్జీకి రసీదు తీసుకున్నాకే బయటికి రావాలని నిర్ణయించాం.

అర్జీల కన్నా పనికొచ్చింది మత్స్యకార సహకార సంఘాల పెద్దలతో కూర్చోవడం. మొదటి రోజు మాట సాగలేదు. నీళ్ళలో వాటా అడగడానికి వచ్చామని అనుకున్నారు. అందులో ఒక పెద్దాయన, పుట్టిలో పుట్టి పెరిగినంత అనుభవం ఉన్నాయన, చివరికి అడిగాడు: "గాలానికి పడ్డ చేపను మళ్ల నీళ్లల్లనే ఇడుస్తరా సారూ? గట్లయితే మీరు పట్టుడెందుకు?" నిజాయితీగా చెప్పాం. పట్టడంలో సంతోషం ఉంది, కానీ రేపు పట్టడానికి చేప ఉండాలి, మీకు అమ్ముకోవడానికీ ఉండాలి అని. ఆయన కాసేపు నీళ్ళ వైపు చూసి, "మా నాయన కాలంల వాలుగలు మనిషంత పడేటియి" అన్నాడు. అక్కడి నుంచి మాట కలిసింది. ఈ నీళ్ళ మీద మొదటి హక్కు వాళ్ళదని మనం ఒప్పుకున్నాం. వాళ్ళ వలలు కట్టిన చోటుకు గాలంతో పోము. అలివి వల కనబడితే ఇరువైపులా వెంటనే ఫోన్లో ఫొటో పంపుకుంటాం. ఇలా రెండుసార్లు సమయానికి కబురు అంది వల బయటికి తీయించగలిగాం. ఇంత పెద్ద నీటికి అది చాలదు, తెలుసు.

శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలంలో నీళ్ళు దిగి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో, మన వైపు అంచుల్లో అక్కడక్కడా మడుగులు మిగిలిపోతాయి. చేపంతా వాటిలోకే చేరుతుంది. పిల్లవాడు గాలం వేసినా పడుతుంది. ఏరుతో తెగిపోయిన మడుగులో వేయకూడదని ఈ వేసవిలో మౌఖికంగా అనుకున్నాం. దాన్ని రాతపూర్వకం చేయాలని నా ప్రతిపాదన.

పెద్ద చేప పోటీ రద్దు చేశాం. బకెట్లలో ఉంచి తూకానికి తెచ్చేసరికి చేపలు చచ్చిపోవడం అందరం చూశాం. కొర్రమీను గాలి పీల్చుకుని కొంత తట్టుకుంటుంది, బొచ్చె నిమిషాల్లో పోతుంది. ఇక మీదట టేపు పక్కన పెట్టి ఫొటో తీయడం, వదిలేయడం, అంతే. చేతులు తడుపుకున్నాకే చేపను పట్టండి, ఒంటి మీది జిగురు పోతే దానికి రోగాలు పడతాయి. మూర కన్నా చిన్న కొర్రమీనును వదలాలన్న నియమం యథాతథం. బయటి జాతులైన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, జిలేబీ చేప (తిలాపియా) పడితే మాత్రం తిరిగి వదలొద్దు.

తెగిన తంగూసు దారం ఏరడానికి కొందరు కుర్రవాళ్ళు ఆదివారాలు వస్తున్నారు, వాళ్ళకు కృతజ్ఞతలు. మెడకు దారం బిగుసుకున్న ఒక తాబేలును బ్లేడుతో విడిపించాల్సి వచ్చింది. ఆ దారం మనదే, మరెవరిదీ కాదు.

జమాఖర్చుల కాగితం విడిగా ఇస్తున్నాం. చందా పెంచడం లేదు.

సమావేశంలో ఓటుకు పెట్టేవి రెండు: మడుగుల నియమం, వాలుగకు కూడా రెండు నెలల విరామం. వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ తమ గాలాలు, ఒక ప్లయర్ తెచ్చుకోండి. చేప నోటి నుంచి తేలిగ్గా ఊడేలా గాలం కొనకున్న ఎదురుముల్లును నొక్కేసే పని అక్కడే, అందరం కూర్చుని చేద్దాం.

కార్యదర్శి