ఓడితే ఒక్కడిదే తప్పా?

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావు? అత్తయ్యకి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెల్లెమ్మ మెసేజ్ పెట్టింది. మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకి అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓటమికల్లా ఒక్క ఆటగాడినే తిడుతున్నారని నేను బాధపడుతుంటే, "ఏడాదికి 500 కోట్లు తీసుకునేవాడు నాలుగు మాటలు పడితే ఏం పోయిందిరా?" అన్నావు. ఆ మాట తర్వాత కూడా నన్ను వదల్లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన లెక్క నిజమే. మా డాలస్ కౌబాయ్స్ జట్టు 2024 సెప్టెంబరులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, డాక్ ప్రెస్కాట్‌తో నాలుగేళ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అంత తీసుకున్నప్పుడు ఆట గురించి అడిగే హక్కు జనానికి ఉంది, కాదనను. అదే ఏడాది జనవరిలో సొంత మైదానంలో గ్రీన్ బే చేతిలో 48-32తో ఓడినప్పుడు అతను రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అంటే విసిరిన బంతి రెండుసార్లు ఎదుటివాళ్ల చేతికి చిక్కింది. అందులో ఒకటి నేరుగా టచ్‌డౌన్ అయింది, అంటే బంతిని మా చివరి గీత దాటించి పాయింట్లు కొట్టారు. ఆ ఆట విషయంలో నేనూ అతన్ని వెనకేసుకురాను. నా బాధంతా అతను చేయని తప్పులు కూడా అతని ఖాతాలో రాయడం గురించి.

ఈ పని ఎలాంటిదో కాస్త చెప్తాను, విను. ఒక ఎత్తు, అంటే బంతితో ఒక ప్రయత్నం, ముగిశాక తర్వాతి ఎత్తు మొదలుపెట్టడానికి మామూలుగా 40 సెకన్లు ఇస్తారు. కోచ్ చెప్పేది క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్లో ఉండే రేడియోలో వినిపిస్తుంది. గడియారంలో 15 సెకన్లు మిగిలేసరికి ఆ రేడియో ఆగిపోతుంది. ఆలోపు కోచ్ మాట వినాలి. ఆ 40 సెకన్లు అయిపోయేలోగా మిగతా పదిమందికీ చెప్పి, ఎదుటి జట్టు ఎలా నిలబడిందో చూసి, అవసరమైతే అప్పటికప్పుడు పథకం మార్చాలి. బంతి చేతికొచ్చాక విసరడానికి దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. అతనికి కాపలాగా ముందు నిలబడ్డ ఐదుగురిలో ఒక్కడు జారినా నూట ముప్పై కిలోల మనిషి వచ్చి మీద పడతాడు. బంతి అందుకోవాల్సినవాడు ఎడమకి తిరగాల్సింది పోయి కుడికి తిరిగితే, టీవీలో చూసేవాళ్లకి ఇతనే బంతి తీసుకెళ్లి శత్రువు చేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది. సహచరుడి చేతులకు తగిలి ఎగిరిన బంతిని ఎదుటివాడు పట్టినా, ఇంటర్‌సెప్షన్ రాసేది క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే.

అన్నిటికన్నా అన్యాయంగా అనిపించేది ఇంకోటుంది. జట్టు గెలుపోటముల లెక్క అతని సొంత లెక్కలా చెప్తారు. వేరే ఏ స్థానంలో ఆడేవాడికీ అలా చెప్పరు. ప్రెస్కాట్ తొలి సీజన్ 2016లో జట్టు 13 గెలిచి 3 ఓడింది. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునేచోట, నాలుగో రౌండ్లో తీసుకున్న కుర్రాడిని ఊరంతా నెత్తిన పెట్టుకుంది. 2017 జనవరి ప్లేఆఫ్స్‌లో, అంటే ఓడితే ఇంటికే అనే చివరి దశలో, గ్రీన్ బేతో ఆటలో మూడు టచ్‌డౌన్లు విసిరాడు. చాలా వెనకబడిన జట్టు కోలుకుని, 35 సెకన్లు మిగిలి ఉండగా స్కోరు 31-31 చేసింది. ఆ తర్వాత అతనికి బంతే దక్కలేదు. గ్రీన్ బే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ 36 గజాల బంతి విసిరాడు, వాళ్ల మేసన్ క్రాస్బీ 51 గజాల నుంచి గోల్ తన్నాడు, మేం ఓడిపోయాం. అప్పుడు ప్రెస్కాట్ మైదానంలో లేడు. అయినా "ప్లేఆఫ్స్‌లో గెలవలేడు" అన్న లెక్కలో మొదటి ఓటమి అదే.

హ్యూస్టన్ కథ విన్నావంటే నీకూ కోపం వస్తుంది. 2002లో అక్కడ టెక్సన్స్ అని కొత్త జట్టు పెట్టి, ఆ ఏటి డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు డేవిడ్ కార్‌ని తీసుకున్నారు. ఎడమవైపు కాపలాకి తెచ్చుకున్న టోనీ బొసెల్లీ గాయాల వల్ల ఆ జట్టుకి ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆ సీజన్లో కార్‌ని 76 సార్లు నేలకూల్చారు. ఈనాటికీ లీగ్‌లో అదే రికార్డు. ఐదేళ్లలో 249 సార్లు పడ్డాడు. తర్వాత పంపించేశారు. ఇప్పటికీ అతని పేరెత్తితే "ఫ్లాప్" అంటారు. కాపలా లేకుండా ఒక కుర్రాడిని అన్నేళ్లు నిలబెట్టిన యాజమాన్యాన్ని ఎందరు గుర్తుపెట్టుకున్నారు?

ప్రెస్కాట్‌కి ముందు ఇక్కడ టోనీ రోమో ఉండేవాడు. 2007 జనవరిలో సియాటిల్‌లో గోల్ కొట్టేవాడి కోసం బంతి పట్టుకుని నిలబెట్టే పని కూడా అతనే చేశాడు. కేవలం 19 గజాల కిక్. బంతి చేతిలోంచి జారింది, 21-20తో ఓడిపోయారు. అది క్వార్టర్‌బ్యాక్ పనే కాదు! రిటైరయ్యేనాటికి జట్టు చరిత్రలో అందరికన్నా ఎక్కువ గజాలు విసిరినవాడు అతను. కానీ చాలామంది కళ్ల ముందు మెదిలేది ఆ జారిన బంతే.

ఇక నన్ను నిజంగా కదిలించింది 2020. ఆ ఏప్రిల్లో ప్రెస్కాట్ అన్న జేస్ ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లి పెగ్గీ 2013లోనే క్యాన్సర్‌తో పోయింది. ఆ సెప్టెంబరులో ప్రెస్కాట్ తనకి ఆందోళన, డిప్రెషన్ వచ్చాయని, అన్న పోకముందే మొదలయ్యాయని బయటికి చెప్పాడు. ఇంకెవరైనా ఇలాంటి బాధలో ఉంటే నోరు విప్పాలని అతని ఉద్దేశం. ఒక పేరున్న టీవీ వ్యాఖ్యాత ఏమన్నాడో తెలుసా? జట్టుని నడిపేవాడు అలాంటివి బయటపెట్టకూడదని, తనకి జాలి లేదని అన్నాడు. చివరికి ఆ చానలే ఆ మాటతో తాము ఏకీభవించడం లేదని ప్రకటించాల్సి వచ్చింది. బావా, అన్నని పోగొట్టుకున్న మనిషిరా! 500 కోట్లు ఇచ్చేది బంతి విసిరినందుకు. ఏడవకుండా ఉన్నందుకు కాదు కదా. నెల తిరిగేసరికి, అక్టోబరు 11న, న్యూయార్క్ జెయింట్స్‌తో ఆటలో చీలమండ విరిగి బండి మీద మైదానం దాటాడు. ఆ రోజు కళ్లు తుడుచుకుంటున్న అతన్ని చూసి నేనూ ఏడ్చాను.

అతను చేసిన తప్పు ఒకటి కూడా చెప్పాలి. 2022 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోతో 23-17తో ఓడినప్పుడు, కోచ్‌లు చెప్పిన ఎత్తు ప్రకారమే 14 సెకన్లుండగా పరుగెత్తాడు. తర్వాతి ఎత్తుకి టైం లేకపోయింది. ఆ రోజు జట్టు మొత్తం 14 పెనాల్టీలు మూటగట్టుకుంది. ఆట అయ్యాక అభిమానులు రెఫరీల మీదికి చెత్త విసిరితే, ఇతను వాళ్లని మెచ్చుకున్నట్టు మాట్లాడాడు. 25,000 డాలర్ల జరిమానా పడింది, క్షమాపణ చెప్పాడు. నింద రెఫరీల మీదికి తిరిగితే సరైపోదని అతనికి అందరికన్నా బాగా తెలిసుండాలి.

నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లకి దీనికి పైన ఇంకో బరువుంది. ఈ స్థానానికి కావాల్సిన బుర్ర వాళ్లకి లేదంటూ ఏళ్ల తరబడి వేరే స్థానాలకి నెట్టేసేవారు. 1988లో డగ్ విలియమ్స్ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచేదాకా ఆ స్థానంలో ఆడి గెలిచిన నల్లజాతివాడు లేడు. ఇద్దరు నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు సూపర్ బౌల్లో ఎదురెదురుగా దిగడానికి 2023 దాకా పట్టింది.

పైగా 2018లో ఇక్కడి సుప్రీం కోర్టు తీర్పు తర్వాత చాలా రాష్ట్రాల్లో పందేలు చట్టబద్ధమయ్యాయి. ఫలానావాడు ఎన్ని గజాలు విసురుతాడని కూడా డబ్బు కాస్తారు. పోయిన డబ్బు కోపం ఆటగాడి ఫోన్లో బూతులై పడుతుంది.

మన సిరాజ్‌నే తీసుకో. ఐపీఎల్‌లో సరిగా వేయలేదని, క్రికెట్ మానేసి నాన్నతో పాటు ఆటో తోలుకోమన్నారని అతనే చెప్పాడు. 2025 ఆగస్టులో ఓవల్‌లో బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కినప్పుడు కూడా చాలామంది నోళ్లు లేచాయి. మర్నాడే ఆఖరి వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. అతనికి ఆ మర్నాడు దొరికింది. జనవరిలో ఓడిన క్వార్టర్‌బ్యాక్‌కి మళ్లీ ఆట సెప్టెంబరులోనే. ఎనిమిది నెలలపాటు టీవీలో రోజూ అదే పంచాయతీ.

అభిమానులందరూ తిట్టేవాళ్లే అనుకోకు. 2025 జనవరిలో బఫెలోలో బాల్టిమోర్ 27-25తో ఓడింది. బాల్టిమోర్ క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ విసిరిన చివరి బంతి సహచరుడు మార్క్ ఆండ్రూస్ చేతుల్లోంచి జారింది. ఆండ్రూస్ మీద బూతుల వర్షం కురిసింది. అతనికి చిన్నప్పటి నుంచి షుగర్ జబ్బు. గెలిచిన బఫెలో అభిమానులే అతని పేరు మీద ఆ జబ్బుపై పనిచేసే సంస్థకి విరాళాలు పోగుచేసి పంపారు. ఆ వార్త చదివి ఎంత సంతోషించానో!

సంక్రాంతికి వస్తున్నాను కదా, అప్పుడు ప్లేఆఫ్స్ నడుస్తుంటాయి. ఇక్కడి ఆదివారం మధ్యాహ్నం ఆట మీకు అర్ధరాత్రి దాటాక వస్తుంది, ఇద్దరం కూర్చుని చూద్దాం. బంతిని వదిలేసి ముందున్న ఐదుగురిని ఎలా చూడాలో చూపిస్తాను. పిల్లాడికి బూట్ల సైజు ఎంతో చెల్లెమ్మని అడిగి మెసేజ్ పెట్టు, వచ్చేటప్పుడు తెస్తాను. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు.

నీ బావ