ఊరి గుడికి బిల్లు, మండపానికి ఉచితం

సంపాదకుడు గారికి,

వినాయక మండపాలకు, దుర్గామాత మండపాలకు ఉచిత కరెంటు ఇస్తామని 2024లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2025లోనూ కొనసాగించింది. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే బాట పట్టింది. చందా పుస్తకం పట్టుకుని ఇంటింటికీ తిరిగే కమిటీ వాళ్లలో నేనూ ఒకణ్ని. పండుగంటే గిట్టక రాస్తున్న ఉత్తరం కాదిది. నాలుగు రోజుల పండుగ వెలుగులకు దొరికిన మాఫీ, ఏడాది పొడవునా దీపం ఆరకుండా చూసుకునే ఊరి రామాలయానికి, సందులోని చిన్న మసీదుకు, రేకుల షెడ్డులో నడిచే చర్చికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

మా ఊరి రామాలయం మీటరు గర్భగుడి వెనక గోడకు ఉంటుంది. దాని మీద నడిచేవి లోపల ఒక బల్బు, ముందు రెండు ట్యూబ్‌లైట్లు, ఒక ఫ్యాను, తెల్లవారుజామున సుప్రభాతం వేసే మైకు సెట్టు, కాళ్లు కడుక్కునే నల్లాకు నీళ్లెక్కించే చిన్న మోటారు. అంతే. బిల్లు పెద్దదేమీ కాదు. కానీ శ్రీరామనవమికి తప్ప హుండీలో పడేది చిల్లరే. చిన్న గుళ్ల నిత్యపూజకు ప్రభుత్వం ధూప దీప నైవేద్యం పథకం కింద ఇచ్చే మొత్తాన్ని 2023లో నెలకు 6,000 నుంచి 10,000 రూపాయలకు పెంచారు, సంతోషం. అయితే అందులోనే నూనె, వత్తులు, ప్రసాదం, అయ్యగారి ఇల్లు గడవడం. ఆ పథకంలో పేరు లేని గుళ్లకు అదీ లేదు. నమాజు చేయించే ఇమామ్‌లకు, అజాన్ పిలిచే మౌజన్లకు ఇచ్చే 5,000 గౌరవ వేతనం సంగతీ అలాంటిదే, దాంట్లోంచి మసీదు ఫ్యాన్ల బిల్లు కట్టమని ఎవరు అడగగలరు? ఒకసారి బకాయి పడితే గుడి కనెక్షన్ తీసేశారు. ఆ సాయంత్రం అయ్యగారు పక్కింటి నుంచి వైరు లాగించుకుని హారతి ఇచ్చారు. మేం చందాలేసుకుని బకాయి కట్టేదాకా అదే తీరు.

పూర్తిగా ప్రార్థనకే వాడే చోట్లకు టారిఫ్‌లో, అంటే కరెంటు ధరల పట్టికలో, ఒక ప్రత్యేక కేటగిరీ ఉన్న మాట నిజం. దుకాణాల రేటు కంటే అది తక్కువ. అది రాయితీయే గానీ ఉచితం కాదు. మా తెలంగాణలోనే గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డున్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు ఇస్తున్నారు. క్షౌరశాలలకు, లాండ్రీలకు, ధోబీఘాట్లకు 2021 ఏప్రిల్ నుంచి 250 యూనిట్ల దాకా ఉచితం. ఈ రెంటిలోనూ నాకు నచ్చింది ఆ హద్దు. అవసరం ఎంతో లెక్కగట్టి, అంతవరకే ఇచ్చారు. ఊళ్లలోని చిన్న ప్రార్థనాలయాలకు అలాంటి హద్దుతోనే ఉచితం ఇవ్వవచ్చు. ఏ మతమని అడగనక్కర్లేదు, మీటరు చెప్పే యూనిట్లు చూస్తే చాలు. ఏసీ హాళ్లు, అద్దెకిచ్చే గదులు, కల్యాణ మండపాలు ఉన్న సంస్థలు ఆ హద్దు దాటే తీరుతాయి, కాబట్టి అవి మామూలుగానే కట్టుకుంటాయి. కట్టగలవు కూడా.

ఇక డబ్బు సంగతి. దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ప్రార్థనా మందిరానికి ఆస్తిపన్ను మినహాయిస్తే మున్సిపాలిటీకి రావాల్సిన సొమ్ము రాదు, అంతవరకే. హైదరాబాద్ నగరపాలక చట్టం 1955 నుంచీ ఆ మినహాయింపు ఇస్తోంది, దాని మీద నాకు పేచీ లేదు. కరెంటు అలా కాదు. కాలిన ప్రతి యూనిట్‌నూ డిస్కం, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, ఎవరి దగ్గరో కొని తెచ్చింది. అందుకే విద్యుత్ చట్టం 2003లోని 65వ సెక్షన్, ప్రభుత్వం ఎవరికైనా సబ్సిడీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును డిస్కంకు ముందుగానే చెల్లించాలంటోంది. మన దగ్గర జరిగిందేమిటి? 2023 డిసెంబర్‌లో శాసనసభ ముందు పెట్టిన శ్వేతపత్రం ప్రకారం డిస్కంల నష్టాలు 62,461 కోట్లకు చేరాయి. ప్రభుత్వ శాఖల నుంచి రావాల్సిన బకాయిలే 28,673 కోట్లు. ఆ నష్టాలు చివరికి ఏదో ఒక రూపంలో మన బిల్లుల మీదికే వస్తాయి. మండపాల కరెంటుకు ఎంత ఖర్చయిందో, ప్రభుత్వం ఎంత చెల్లించిందో పండుగ కాగానే ప్రకటించాలి. దేవుడి పేరు మీద చేసిన ఖర్చుకు లెక్క మరింత శుభ్రంగా ఉండాలి.

మండపాలకు ఉచితం వద్దని నేను అనను. కానీ మీటరు లేని ఉచితం ప్రాణాల మీదికి తెస్తుంది. వానాకాలం పండుగ ఇది. తడిసిన వెదురు కర్రకు వైరు చుట్టి, స్తంభం మీది తీగకు కొక్కెం తగిలించి, టేపు చుట్టని జాయింటును టార్పాలిన్ కింద దాచేసిన మండపాలను నా కళ్లతో చూశాను. వాటి చుట్టూ పిల్లలే ఎక్కువ. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. అక్కడి కారణం వేరే కావచ్చు, తీగల దగ్గర మన ఉత్సవాలు ఎంత అజాగ్రత్తగా సాగుతున్నాయో మాత్రం తెలిసొచ్చింది. దరఖాస్తు పెట్టిన ప్రతి మండపానికీ లైన్‌మన్ వచ్చి తాత్కాలిక మీటరు, ట్రిప్ అయ్యే స్విచ్చు బిగించాలి. వైరింగ్ చూశాకే కరెంటు వదలాలి. డీజే పెట్టెలకు వాడింది ఉచితంలోకి రాకూడదు.

విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ ప్రతిపాదనల మీద బహిరంగ విచారణ జరుపుతుంది, మామూలు జనం కూడా అభ్యంతరాలు, సూచనలు రాసి ఇవ్వవచ్చు. చిన్న ప్రార్థనాలయాలకు యూనిట్ల హద్దుతో ఉచితం ఇవ్వాలని, ఆ సొమ్మును ప్రభుత్వం ముందే కట్టాలని మా గుడి కమిటీ తరఫున రాసి ఇవ్వబోతున్నాం. మా ఊరి మసీదు కమిటీ పెద్దలు, పాస్టర్ గారు కూడా సంతకం చేస్తామన్నారు. మిగతా ఊళ్ల వాళ్లు కూడా తమ ప్రార్థనాలయాల కరెంటు బిల్లు నకలు జత చేసి పంపితే, ఒక్కో చోట ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో మండలికి సాక్ష్యంతో సహా తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, గ్రామ దేవాలయ కమిటీ సభ్యుడు
జనగామ జిల్లా