ఎలుగుబంటి వేటలో లెక్కకు రాని బాణం

సంపాదకులకు,

అయ్యా,

అమెరికాలో విల్లంబులతో నల్ల ఎలుగుబంటిని వేటాడే సరదా గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి ఈ లేఖ రాస్తున్నాను. మాటులో కూర్చోవడం, ఎలుగు రావడం, బాణం వదలడం, తర్వాత ఫొటో దిగడం అన్నీ అందులో ఉన్నాయి గానీ, బాణం వింటిని విడిచాక ఫొటో దిగేలోగా ఏమేమి జరగవచ్చునో ఒక్క వాక్యమైనా లేదు. ఇక్కడి తెలుగు కుర్రాళ్లలో ఈ వేటపై ఆసక్తి పెరుగుతున్నదని నాకు తెలుసు కనుకనూ, ఆ లోపం వల్ల జరిగే నష్టం నా చేతులమీదుగానే జరిగింది కనుకనూ మౌనంగా ఉండలేకపోతున్నాను.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టిపెరిగి, ఉద్యోగరీత్యా అమెరికా ఈశాన్య మూలనున్న మేన్ రాష్ట్రంలో స్థిరపడినవాడిని. జీడితోటల్లోకి, పనసచెట్ల కిందికి ఎలుగుబంటి వచ్చిందంటే ఊరంతా తలుపులు బిగించుకున్న రాత్రులు నాకు గుర్తున్నాయి. మనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అక్కడ ఎలుగుబంటి వేట నేరం. ఇక్కడ నల్ల ఎలుగుబంటి వేరే జాతి, దాని వేట చట్టబద్ధం. ఎర పెట్టి, కుక్కలతో తరిమి, ఉచ్చు పన్ని, మూడు విధాలా ఎలుగుబంటిని వేటాడనిచ్చే రాష్ట్రం అమెరికా మొత్తంలో ఇదొక్కటే. వీటిని నిషేధించాలా అని 2004లోనూ 2014లోనూ ప్రజలనే అడిగితే రెండుసార్లూ నిషేధం వద్దనే తీర్పు వచ్చింది. 1975 నుంచి ఇక్కడి జీవశాస్త్రవేత్తలు ఎలుగులకు రేడియో పట్టీలు కట్టి, చలికాలంలో గుహలకు వెళ్లి, పిల్లలను లెక్కపెట్టి వస్తున్నారు. కాబట్టి వేట ఉండాలా వద్దా అనే పెద్ద తగవులోకి నేను పోవడం లేదు. ఉన్న వేటలో విల్లు పట్టేవాడి అర్హతను ఎవరు చూస్తున్నారన్నదే నా ప్రశ్న.

మీ వ్యాసంలో చెప్పిన గ్రౌండ్ బ్లైండ్ అనేది నేలమీద వేసే చిన్న మాటు గుడారం. మంచె మీద కూర్చున్న వేటగాడి కింద ఎలుగు ఉంటే, ఈ మాటులో ఎలుగూ మనిషీ ఒకే నేలమీద, 15–20 గజాల దూరంలో ఉంటారు. లోపలంతా నలుపు, మనం వేసుకునేదీ నలుపే, కదలిక కనిపించకూడదని. కిటికీలా చీలిన సందులోంచి బాణం వేయాలి. ఈ మాటుకు ఒక మంచి గుణం ఉంది: ఎలుగు పక్కకు తిరిగి నిలబడితే బాణం రెండు ఊపిరితిత్తులనూ సమంగా దాటుతుంది, అది కొద్ది క్షణాల్లో పడిపోతుంది. దోషమూ అక్కడే ఉంది. మంచె మీద నుంచి వేసిన బాణం ఏటవాలుగా దిగి పొట్ట అడుగున బయటికి వస్తే నెత్తురు నేలమీద దారి చూపుతుంది. మాటులోంచి వేసిన బాణం దిగిన రంధ్రం, బయటికి వచ్చే రంధ్రం ఒకే ఎత్తులో ఉండడంతో నెత్తురు లోపలే నిలిచిపోతుంది. బయటికి వచ్చే ఆ కాస్తనూ చలికాలానికి పేరుకున్న కొవ్వు పూడుస్తుంది, దట్టమైన వెంట్రుకలు పీల్చేస్తాయి. ఎలుగుబంటిని వెదకడం జింకను వెదికినంత సులభం కాకపోవడానికి కారణం ఇదే.

రెండేళ్ల కిందట సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను ఆ మాటులో కూర్చున్నాను. పెరట్లో 20 గజాల దూరం నుంచి మూడు బాణాలను అరచేతి వెడల్పులో గుచ్చగలిగేవాడిని, అయితే అదంతా నిలబడి, పట్టపగలు, టీ షర్టు వేసుకుని. స్ప్రూస్ చెట్ల మధ్య పొద్దు వాలకముందే చీకటి పడుతుంది. సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు చట్టం వేటాడనిస్తుంది గానీ, మాటు లోపల గురి చుక్క కనిపించాలి కదా. ఎర డ్రమ్ము నుంచి పాతబడ్డ డోనట్ల తీపి వాసన వస్తోంది. ఉడుత ఒకటి అరుస్తూ ఉండి ఉన్నట్టుండి ఆగిపోయింది. పుల్ల విరిగిన చప్పుడు కూడా లేకుండా ఎలుగు అక్కడ ఉంది. అది మూతి నాక్కునే చప్పుడు వినిపించేంత దగ్గర. కొంచెం నావైపుకు ఓరగా నిలబడింది, పూర్తిగా పక్కకు తిరిగేదాకా ఆగవలసింది. నేను ఆగలేదు. కన్ను చూసే గీత కిటికీ అంచు మీదుగా సాఫీగానే పోయింది గానీ, బాణం దానికి నాలుగు వేళ్లు కింద ఉంటుందన్న సంగతి మడత కుర్చీ మీద కూర్చున్న నాకు తట్టలేదు. బాణం గుడ్డను రాసుకుంటూ పోయి, ఎక్కడ తగలాలో అక్కడికి జానెడు వెనక, కొంచెం పైన తగిలింది.

అరగంట ఓపిక పట్టలేక టార్చి పట్టుకుని బయటికి వచ్చాను. ఫెర్న్ ఆకు మీద రెండు చుక్కలు, తుమ్మ మానంత లావైన ఒక పడిపోయిన చెట్టు బెరడుకు కాసిని నల్ల వెంట్రుకలు, అరవై అడుగుల తర్వాత ఏమీ లేదు. అర్ధరాత్రి దాకా నేనూ నా పొరుగాయనా నేలంతా తొక్కేశాం. తెల్లవారుజామున వాన పడింది. మరునాడు మధ్యాహ్నం గానీ, తాడుతో కట్టిన కుక్కతో జాడ తీసే లైసెన్సు ఉన్నవారికి ఫోన్ చేయాలన్న బుద్ధి పుట్టలేదు. ఆ కుక్క మా అడుగుల కలగాపులగంలోంచి ఎలాగో జాడ పట్టి, చిత్తడి అంచుదాకా పోయి, అక్కడ చుట్టూ తిరిగి, వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆ ఎలుగు బతికిందో చచ్చిందో ఈనాటికీ నాకు తెలియదు.

ఇక్కడ ఎలుగును చంపినవారు 18 గంటల్లోగా రిజిస్టర్ చేయించి, దాని పన్ను (దంతం) ఒకటి ఇవ్వాలి. ఆ పన్ను పొరలను బట్టి వయసు తెలుసుకుని రాష్ట్రం లెక్కలు వేస్తుంది. ఎంతో మంచి పద్ధతి. కానీ నా ఎలుగు పన్ను ఎవరి దగ్గరా లేదు. గాయపడి అడవిలో కలిసిపోయినవి ఆ రిజిస్టరులోకి ఎక్కవు.

ఇక్కడ విల్లు లైసెన్సుకు తరగతి చదివితే చాలు. భద్రత, చట్టం, జంతువు శరీరం గురించి ఆ తరగతిలో బాగానే చెబుతారు. అయితే బాణం వేసి చూపించమని ఎవరూ అడగరు. ఫిన్లాండులో తుపాకీతో ఎలుగును వేటాడాలన్నా ముందు షూటింగ్ పరీక్ష నెగ్గాలి, మూడేళ్లకోసారి మళ్లీ నెగ్గాలి. డెన్మార్కులో విల్లుతో వేటాడేవారికి గురి పరీక్ష ఉంది. తుపాకీ గుండు కన్నా బాణం ఇంకా మెల్లనిది, దూరం తప్పితే ఇంకా దిగజారేది. కాబట్టి మేన్‌లోనూ అలాంటి పరీక్ష రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది నిలబడి వేసే పరీక్ష కాకూడదు. మాటులో, కుర్చీ మీద, కిటికీలోంచి, వెలుగు తగ్గాక, ఎలుగు ఆకారంలో ఉన్న బొమ్మ మీద వేయించాలి. ఆ బొమ్మ ఓరగా ఉన్నప్పుడు బాణం వదలనివారికి కూడా మార్కులు ఇవ్వాలి.

ఎర గురించీ ఒక మాట. మీ వ్యాసకర్త చాక్లెట్లు, మిఠాయిలు పోస్తే ఎలుగులు ఇట్టే వస్తాయని ఉత్సాహంగా రాశారు. పొరుగునున్న న్యూహాంప్‌షైర్‌లో 2014లో ఎర దగ్గర పోసిన చాక్లెట్ తిని నాలుగు ఎలుగులు చచ్చిపోయాయి, వాటిలో రెండు పిల్లలు. పిల్లలు పుట్టిన మొదటి శరత్కాలమంతా తల్లి వెంటే ఉంటాయి, అందుకే ఒంటరిగా కనిపించిన ఎలుగు వెనక పొదల్లోకి పది నిమిషాలు చూసి గానీ వింటినారి లాగకూడదని పాతకాపు వేటగాళ్లు చెబుతారు. ఆ పది నిమిషాల గురించి కూడా మీ వ్యాసంలో చోటు దొరికితే బాగుండేది.

ఆగస్టు చివర్లో ఇక్కడ వేట మళ్లీ మొదలవుతుంది. అప్పటికి మీరు మరో వ్యాసం వేస్తే, అందులో ఒక విషయం తప్పక చేర్చవలసిందిగా ప్రార్థన: తగలకూడని చోట బాణం తగిలిందని అనుమానం కలిగితే, ఎవరూ అడవిలోకి అడుగు పెట్టకుండా, ఆ రాత్రే, జాడ తీసే కుక్కల వారికి ఫోన్ చేయాలి. ఆ నంబరు వేటకు బయలుదేరే ముందే జేబులో ఉండాలి.

ఇట్లు,
ఉద్దానం నుంచి వచ్చి మేన్‌లో ఉంటున్న మీ పాఠకుడు