షబే బరాత్ లోపు ఖబరస్తాన్ పనులు: కమిటీ విజ్ఞప్తి

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

షాబాన్ నెల వచ్చేసింది. 14వ తేదీ పొద్దుగూకితే షబే బరాత్, పోయినవాళ్ల కోసం దువా (ప్రార్థన) చేసుకునే రాత్రి. మన ఖబరస్తాన్‌లో, అంటే మనవాళ్లను ఖననం చేసిన చోట, సర్కారు తుమ్మ నడుం ఎత్తు లేచింది. వెనక గోడ వానలకు కూలింది కూలినట్టే ఉంది. ఇషా (రాత్రి నమాజు) తర్వాత పూలు, అగరుబత్తీలు పట్టుకుని వచ్చే ముసలివాళ్లు ఆ ముళ్లలో ఎలా నడుస్తారోనని మాకు టెన్షన్‌గా ఉంది.

ఆ రాత్రి చేసే ఇబాదత్ (ఆరాధన) గురించి ఆలిములు (మతపండితులు) తలో మాట చెబుతారు, అది వేరే సంగతి. ఖబర్ల జియారత్ (సమాధుల దగ్గరికి వెళ్లి రావడం) మంచిదనడంలో తేడా లేదు. ప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలోని బఖీ ఖబరస్తాన్‌కి వెళ్లి అక్కడున్నవాళ్ల కోసం దువా చేసేవారు. మనిషి పోయాక అతని అమల్ (చేసే పనుల పుణ్యం) ఆగిపోతుంది, మూడు తప్ప: సదఖా-ఎ-జారియా (పోయాక కూడా ఫలమిస్తూ ఉండే దానం), పనికొచ్చే ఇల్మ్ (జ్ఞానం), అతని కోసం దువా చేసే నేక్ (మంచి) సంతానం. సహీహ్ ముస్లిం గ్రంథంలోని ఈ హదీసు (ప్రవక్త మాట) మీకు తెలియనిది కాదు.

గోడకు, లైట్లకు, తుమ్మ పెరికించడానికి 3.5 లక్షల దాకా అవుతుందట. చేతిలో లక్షా చిల్లర ఉంది. లెక్కలు మస్జిద్ బోర్డు మీద అంటించాం.

సదర్ సాబ్ (కమిటీ అధ్యక్షుడు) గోడ ముందు అంటారు. సెక్రటరీగా నేను మాత్రం ఖబర్ల రిజిస్టర్ ముందు అంటాను. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల షబే బరాత్ నాడు ఇళ్లలోనే దువా చేసుకున్నాం. తర్వాతి ఏడు కోవిడ్‌తో పోయినవాళ్లలో కొందరికి కన్నబిడ్డలు కూడా మూడు గుప్పెళ్ల మట్టి వేయలేకపోయారు. ఇప్పుడు కువైట్ నుంచి వచ్చిన కొడుకు "అమ్మీ ఖబర్ ఏది?" అని అడిగితే చూపించే మనిషి లేడు. అన్నీ గుర్తున్న పాత గోర్కన్ (ఖబర్లు తవ్వే) పెద్దాయన కూడా ఈమధ్యే అల్లాకు ప్రియమయ్యారు. అందుకే వరసకో నంబరు రాయి, పేరు, పోయిన తేదీ రాసిన పుస్తకం, గేటు దగ్గర ఒక మ్యాప్ పెడదామంటున్నాను. పక్కా గోరీలు కట్టమని కాదు, గుర్తుంటే చాలు. రాళ్లకు పెద్ద ఖర్చేమీ కాదు, గోడకు తీసిన డబ్బులోంచి కొంత సర్దవచ్చని నా అభిప్రాయం. సదర్ సాబ్ ఇంకా ఒప్పుకోలేదు.

బోరు వేయించిన భాయ్ పేరు చెప్పొద్దన్నాడు, చెప్పం. ఈ స్థలం వక్ఫ్ చేసిన (అల్లా పేరిట శాశ్వతంగా ఇచ్చేసిన) పెద్దలూ బోర్డు మీద పేరు కోరలేదు. ఆ రాత్రి "మాఫ్ కర్నా" అంటూ వాట్సాప్‌లో వందమందికి పంపే మనం, అమ్మానాన్నలు పడుకున్న చోటికి వంద రూపాయలు పంపడానికి ఎందుకు వెనకాడుతున్నామో తెలియడం లేదు.

జకాత్ (తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) సొమ్ము ఇందులో కలపకండి, అది పేదల హక్కు. లిల్లాహ్, సదఖా (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానం) మాత్రమే ముతవల్లి సాబ్ (వక్ఫ్ ఆస్తి చూసుకునే పెద్ద) చేతికిచ్చి రసీదు తీసుకోండి. దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్లతో పంపండి. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఆదివారం ఫజర్ (తెల్లవారుజాము నమాజు) తర్వాత గొడ్డలి, కొడవలి పట్టుకుని రండి. మీవాళ్ల పేర్లు, పోయిన తేదీలు ఒక కాగితం మీద రాసుకుని తెస్తే నేను గేటు దగ్గరే పుస్తకంలో ఎక్కిస్తాను.

మస్జిద్, ఖబరస్తాన్ ఇంతెజామియా కమిటీ