సర్వర్ డౌన్ అంటరు గానీ, ఫారం వెనక కోడ్ ఎవరు చూస్తుండ్రు?

ఎడిటర్ గారికి నమస్కారం.

అప్లికేషన్ల ఆఖరి తారీఖు దగ్గర పడ్డప్పుడల్లా మన జిల్లా పేజీల ఒకటే వార్త. సర్వర్ డౌన్, స్టూడెంట్ల తిప్పలు, కింద చివరి రోజు దాక ఆగొద్దని ఓ ఆఫీసర్ సలహా. మొన్న కూడ వచ్చింది. నేను నల్గొండల ఉండి కాలేజీలకు, రైస్ మిల్లులకు చిన్నచిన్న ప్రోగ్రాంలు రాసిస్త, మనిషి కూసోని ఫారాలు నింపకుండ ఫైళ్లు ఎక్కించకుండ ఆ పని సర్వర్ మీద నడిచే కోడ్‌తోటి చేపిచ్చుడే నా పనిల సగం, కాబట్టి సబ్మిట్ నొక్కినంక అవతల ఏమైతదో కొంచెం ఎరుకే. లోడ్ ఎక్కువై సర్వర్ పడిపోవుడు ఉంటది, లేదంటలేను. కానీ మేం చూసే వాటిల చానా మటుకు అది కాదు, ఫారం తీసుకునే కోడ్ శ్రద్ధగ రాయలేదు, అంతే. తప్పొకరిది, తిట్లు పిల్లలకు.

క్లాక్ టవర్ దిక్కు ఏ ఇంటర్నెట్ సెంటర్ల కాసేపు కూసున్నా కనపడేదే చెప్త. దేవరకొండ అవతల తండా నుంచి ఒక పిల్ల వస్తది, ఎంబడి వాళ్ల నాయన. ఫోన్ల తీసిన నాలుగు సర్టిఫికెట్ల ఫోటోలు, ఒక్కోటి మూడు ఎంబీ దాక ఉంటది. పేరు, నాయన పేరు, ఆధార్, కులం, ఆదాయం అన్నీ కొట్టి ఫోటోలు పెట్టి సబ్మిట్ నొక్కితే చక్రం తిరిగి తిరిగి పేజీ మల్ల మొదటికొస్తది, అన్ని డబ్బాలు ఖాళీ, ఒక్కోదాని కింద ఎర్రటి అక్షరాలు, పేరు తప్పనిసరి, ఆధార్ తప్పనిసరి, కులం తప్పనిసరి. సెంటర్ పిలగాడు "నెట్ స్లోగుంది చెల్లె, మల్ల కొడదాం" అంటడు. మల్ల కొడ్తే మల్ల గదే.

నెట్ మంచిగనే ఉంటది. పీహెచ్‌పీ అని సర్వర్ మీద కోడ్ రాసే ఒక భాష ఉంటది, దాంట్ల నడిచే సైట్ ఇట్ల ఖాళీగ తిరిగొచ్చిందంటే నేను ముందుగాల చూసేది అప్‌లోడ్ హద్దు. పీహెచ్‌పీ వచ్చుడే ఒక్క ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ అనే హద్దులతోటి వస్తది, ఎవరూ ముట్టకపోతే అవే నడుస్తయి. ఒక్క ఫైలు 2 దాటితే ఆ ఫైలే ఆగుతది, దానికి ఎర్రర్ నంబర్ వస్తది, ఫలానా ఫైలు పెద్దగైందని చెప్పుకోవచ్చు. మొత్తం 8 దాటిందనుకోండి, అప్పుడు ఫైళ్లే కాదు, పేరు ఊరు అన్నీ పారేసి కోడ్ చేతిల ఏమీ లేకుండ పెడతది. కోడ్ రాసినాయన ఈ సంగతి పట్టించుకోకపోతే అది ఏం జేస్తది, పేరు రాలేదు కాబట్టి పేరు తప్పనిసరి అని కొడ్తది. మూడు ఎంబీలవి నాలుగంటే పన్నెండాయె కదా. దీని ముందట ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, అంటే వచ్చినదాన్ని ముందుగాల అందుకునే ప్రోగ్రాం, ఉంటే దానికి ఇంకో హద్దు, ముట్టకపోతే 1 ఎంబీనే, అది దాటితే 413 అని ఇంగ్లీషుల ఒక తెల్ల పేజీ వస్తది, పీహెచ్‌పీ దాక పోనే పోదు. ఒక దగ్గర పెంచి ఇంకో దగ్గర ఇడిసిపెట్టినోళ్లను మస్తు మందిని చూసిన.

దీన్ని సర్దుడు పెద్ద పనేం కాదు. ఎంత డేటా వస్తుందో రిక్వెస్ట్ హెడర్లనే, అంటే ఫారం కంటే ముందు పోయే చీటీ లాంటి దాంట్లనే, రాసి ఉంటది, అది హద్దు కంటే ఎక్కువుందా అని చూసి, ఫైళ్లు పెద్దగున్నయి ఇంతకు లోపు పెట్టండని ఒక్క లైను చూపిస్తే అయిపాయె. అంతకంటే మంచిది, ఫైలు ఎంచుకోంగనే బ్రౌజర్లనే సైజు చూసి అక్కడనే చెప్పుడు, అవసరమైతే అక్కడనే ఫోటో చిన్నగ చేసుడు. ఇప్పుడేమైతుందంటే సెంటర్ పిలగాడు తనకు తోచినట్టు ఫోటోను నొక్కి నొక్కి చిన్నగ చేస్తడు, ఆధార్ మీది అక్షరాలు అలుక్కపోతయి, సబ్మిట్ అయితే అయితది, కొన్ని దినాలకు డాక్యుమెంట్ స్పష్టంగ లేదని రిజెక్ట్ వస్తది. అప్పటికి తారీఖు అయిపోతది, ఎవరిని అడుగుతరు?

తెలుగుల పేరు కొట్టమని అడిగే ఫారాలల్ల ఇంకో చిత్రం. పేరు 30 అక్షరాలకు మించొద్దని ఉంటది. వెంకటేశ్వర్లు అని కొడ్తే మించిందంటది! ఆ పేరుల గుణింతాలు, ఒత్తులు, సున్న అన్నీ విడివిడిగ లెక్కవెట్టినా కంప్యూటర్‌కు 13 గుర్తులే, కానీ కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 అనే పద్ధతిల తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, అంటే 39. పీహెచ్‌పీల మామూలుగ పొడవు చూసే ఫంక్షన్ బైట్లనే లెక్కవెడ్తది, అక్షరాలు లెక్కవెట్టేది వేరే ఉన్నది, అది వాడాలె. మన దిక్కు గల్లీకొక వెంకటేశ్వర్లు ఉంటడు, ఒక్క తెలుగు పేరు కొట్టి టెస్ట్ చేసినా బయటపడేది. జిల్లాల లిస్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, 2016 అక్టోబర్ల జిల్లాలు విడిపోయినయి, 2019ల నారాయణపేట వేరే అయింది, ఇప్పటికీ మక్తల్ పిలగాడు పాత మహబూబ్‌నగర్‌నే ఎంచుకోవాల్సిన ఫారాలు ఉన్నయి.

ఇగ అసలు నేను రాద్దామనుకున్నది కాలేజీల గురించి. వందల మంది పిల్లల వివరాలు, ఫోటోలు, మెమోలు ఒక్కొక్కటి ఆపరేటర్ కూసోని ఎక్కించాలె. ఇవన్నీ కాలేజీ కంప్యూటర్ల ఎక్సెల్ షీట్ల ఉన్నవే. మరి కోడ్‌తోటి పంపొచ్చు కదా అని అందరడుగుతరు. పంపొచ్చు. ఫైలు కలిసిన ఫారం ఎట్ల పోవాలె అనేది 1995ల జిరాక్స్ కంపెనీల పనిచేసే ఇద్దరు ఇంజినీర్లు రాసిపెట్టిండ్రు, ఇప్పటికీ మల్టీపార్ట్ అని అదే పద్ధతి నడుస్తుంది. మార్కెట్ యార్డుల ఒక రైతు వడ్ల కుప్పకు ఇంకో రైతు కుప్పకు నడుమ గుర్తు పెట్టినట్టు, ఒక్కో డబ్బాల సమాచారానికి నడుమ బౌండరీ అని ఒక గుర్తు పడ్తది, ఆ గుర్తు ఏందో పైన హెడర్ల చెప్పాలె. కొత్త పిలగాండ్లు హెడర్ల మల్టీపార్ట్ అని చేత్తోటి రాసేసి గుర్తు చెప్పరు, అవతలి సర్వర్‌కు ఏది యాడ తెగిందో తెల్వదు, మల్ల ఖాళీనే. కోడ్‌తోటి ఫారాలు పంపనీకి వాడే కర్ల్ గానీ పైథాన్ రిక్వెస్ట్స్ గానీ ఆ హెడర్ అవే మంచిగ రాసుకుంటయి, మనం వేలు పెట్టకుంటే చాలు.

కానీ అడ్డం తిరిగేది యాడ అంటే, ముందుగాల ఫారం పేజీని కోడ్ తెరవాలె, లాగిన్ అయినమని సైట్ ఇచ్చే గుర్తు, కుకీ అంటరు, అది పట్టుకోవాలె, పేజీల కనపడకుండ ఉండే టోకెన్ అనే రహస్య గుర్తు తీసుకోని దాన్ని కూడ కలిపి పంపాలె. ఆ టోకెన్ మనల్ని సతాయించనీకి పెట్టింది కాదు, ఇంకో సైట్ మన పేరు మీద ఫారం పంపకుండ పెట్టిన రక్షణ. అవతలోళ్లు ఒక డబ్బా పేరు మార్చినా మన కోడ్ ఆగిపోతది. ఆగిపోతే కూడ నయమే, ఆగిందని తెల్వకపోవుడే కష్టం. ఫారంల తప్పులున్నయని ఎర్ర అక్షరాల పేజీ పంపినా చానా సైట్లు జవాబు నంబర్ మటుకు 200 అనే పంపుతయి, అంటే అంతా ఓకే అని. కోడ్ ఆ 200 చూసి అయిపోయిందనుకుంటది, పిలగాని అప్లికేషన్ యాడ ఉండదు. అందుకే నేనైతే అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ చేతికొచ్చేదాక పోయినట్టు లెక్కవెట్ట.

క్యాప్చా, అంటే నొక్కేది మనిషేనా అని చూసే చిన్న పరీక్ష, ఉన్నకాడ నేను ఆగిపోత. మెషిన్ రావొద్దని వాళ్లు చెప్తున్నప్పుడు దొడ్డిదారిన పోవుడు నాకు మనసొప్పదు, కొందరు పోతరు, కాలేజీ లాగిన్ పాస్‌వర్డ్ ఎవరెవరికో వాట్సాప్‌ల ఇస్తరు, పిల్లల ఆధార్ కార్డులు ఎవరి ల్యాప్‌టాప్‌లల్ల ఉన్నయో దేవునికే ఎరుక. దారి మూసిపెడ్తే గిట్లనే ఉంటది. మంచిగ ఒక ఏపీఐ, అంటే ప్రోగ్రాంలు సీదా సమాచారం పంపనీకి అధికారికంగ ఒక దారి, ఇయ్యండి, కాలేజీకొక కీ, అంటే పాస్‌వర్డ్ లాంటి తాళం, ఇయ్యండి, తేడా వస్తే ఆ కీ రద్దు చెయ్యండి. ఒక్కో అప్లికేషన్‌కు మేం పంపే సొంత నంబర్ గుర్తుపెట్టుకుంటే నడుమల లైన్ తెగి మల్ల పంపినా రెండోసారి ఎక్కదు. ఇప్పుడు జవాబు రాక పేజీ రిఫ్రెష్ కొడ్తే ఫారం ఇంకోసారి పోతది, ఫీజు రెండుసార్లు కట్ అయినోళ్లు వాపస్ కోసం తిరుగుతనే ఉంటరు. ఏపీఐ ఉంటే కాలేజీ సర్వర్ రాత్రిపూట నిమ్మలంగ పంపుకుంటది, పొద్దుగాల సెంటర్ల కూసునే పిల్లలకు సైట్ ఖాళీగుంటది. సర్టిఫికెట్లు ఆన్‌లైన్ల దాచుకునే సర్కారు డిజిలాకర్ వచ్చిందే 2015ల, అందుల ఉన్న సర్టిఫికెట్‌ను పిల్ల ఒప్పుకుంటే సర్వర్ నుంచి సర్వర్‌కు తెచ్చుకోవచ్చు, ఫోటో తీసుడు, నొక్కి చిన్నగ చేసుడు ఏదీ ఉండదు.

ఎడిటర్ గారూ, మీ రిపోర్టర్లకు ఒక మాట చెప్పండి. ఈసారి ఎవరన్నా సర్వర్ డౌన్ అంటే రాసుకోని రాకుండ, అప్‌లోడ్ హద్దు వెబ్ సర్వర్ల ఎంత పెట్టిండ్రు, పీహెచ్‌పీల ఎంత పెట్టిండ్రు, ఫారం మీద పిల్లలకు ఎంతని చూపిస్తుండ్రు, ఈ మూడు అడగమనండి. సైట్ చూసుకునేటాయనకు జవాబు చెప్పనీకి ఐదు నిమిషాలు పట్టదు, ఆ మూడు అంకెలు మీ పేపర్ల అచ్చు వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకుడు, నల్గొండ